కీహోల్ ఆపరేషన్ తర్వాత భుజం ఎన్నేళ్లు నిలుస్తుంది? పాఠకుల ప్రశ్నలు, వైద్యుడి జవాబులు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చినవి, అవి కూడా భుజం గురించే. ఆపరేషన్ ఎలా చేస్తారని అడిగినవారు తక్కువ. చేయించుకున్నాక అయిదేళ్లకో పదేళ్లకో చేయి ఎలా ఉంటుందని అడిగినవారే ఎక్కువ. అడగవలసిన ప్రశ్న కూడా అదే. ఇంటికి పంపే రోజున కుట్లు ఎంత చిన్నవిగా ఉన్నాయో చూసి సంతోషించడం సహజమే గానీ, భుజం సంగతి తేలేది ఆ రోజున కాదు. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తీసేసి ఇస్తున్నాము.

ప్రశ్న: మాది పుట్టపాక. మా అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచి చీరల నేతకు నూలు చుట్టే ఆసు పోసింది. కుడి భుజంలో రొటేటర్ కఫ్ పెద్దగా చీలిందంటే రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో కీహోల్ పద్ధతిలో కుట్టించాము. రాత్రి నొప్పి పోయింది, జడ తానే వేసుకుంటుంది. కానీ నిండు బిందెను గట్టు మీదికి ఎత్తలేకపోతోంది. మొన్న ఎంఆర్ఐ తీయిస్తే, కుట్టిన చోట మళ్లీ చీలిందని రిపోర్టు వచ్చింది. పెట్టిన డబ్బంతా వృథా అయినట్టేనా? మళ్లీ ఆపరేషన్ చేయించాలా? – ఒక పాఠకురాలు, సంస్థాన్ నారాయణపురం మండలం

జవాబు: వృథా కాలేదమ్మా. మళ్లీ ఆపరేషన్ అవసరమా కాదా అన్నది రిపోర్టు ఒక్కటి చూసి తేల్చే విషయమూ కాదు. ఇదే సందేహం మరికొన్ని ఉత్తరాలలోనూ ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

భుజం కీలును నాలుగు కండరాలు చుట్టూ పట్టి నిలుపుతాయి. వాటి చివరి స్నాయువులు, అంటే టెండన్లు, కలిసిపోయి చేతి ఎముక తలను కప్పి ఉంటాయి. దానినే రొటేటర్ కఫ్ అంటారు. అది చీలినప్పుడు సన్నని రంధ్రంలో నుంచి కెమెరా గొట్టాన్ని లోపలికి పంపి, ఎముకలో యాంకర్లు అనే చిన్న మేకులను దింపి, వాటికి ఉన్న దారాలతో స్నాయువును తిరిగి ఎముకకు బిగించి కడతారు. ఆ దారం మోసేది మొదటి కొన్ని వారాల భారాన్నే. ఆ తర్వాత నిలవాలంటే స్నాయువు తనంతట తానే ఎముకకు అతుక్కోవాలి, ఆ అతుకు కాస్త గట్టిపడడానికే మూడు నెలలు పడుతుంది. కొత్త బట్టకు వేసిన కుట్టు ఆగినట్టు నలిగి పలచబడ్డ పాత బట్టకు వేసిన కుట్టు ఆగదని మీ ఇంట్లో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి అరిగిన స్నాయువు సంగతీ అంతే.

అందువల్ల మళ్లీ చీలడమన్నది అరుదైన విషయం కాదు. 2004లో అమెరికాలోని సెయింట్ లూయిస్ వైద్యులు, పెద్ద చీలికలకు కీహోల్ పద్ధతిలో కుట్లు వేయించుకున్న 18 మందికి ఏడాది దాటాక అల్ట్రాసౌండ్ చేసి చూస్తే, 17 మందిలో స్నాయువు అతుక్కోలేదు. అయినా వారిలో చాలామందికి నొప్పి తగ్గింది, చేయి పైకి లేచింది, తామెంతో మెరుగయ్యామని వారే చెప్పారు. రెండో ఏడాదికి ఆ మెరుగుదల కొంచెం తగ్గిందన్న సంగతినీ ఆ వైద్యులు దాచలేదు. ఆ తర్వాత పద్ధతులు మారాయి, యాంకర్లు, దారాలు మెరుగయ్యాయి. అయినా బ్రిటన్‌లో 273 మందిని తీసుకుని, కోసి చేసే ఆపరేషన్‌ను కీహోల్ ఆపరేషన్‌తో పోల్చి 2017లో ప్రచురించిన పరిశోధనలో, మొత్తం మీద నూటికి దాదాపు 40 మందిలో అతుకు నిలవలేదు. రెండేళ్ల నాటికి రోగులు చెప్పిన ఫలితాలలో ఈ రెండు పద్ధతుల మధ్య తేడా లేదు. కీహోల్ వల్ల కోత చిన్నది కావడం, మొదటి వారాలలో బాధ తక్కువగా ఉండడం నిజమే. అంతమాత్రాన దీర్ఘకాలపు ఫలితం కూడా గొప్పగా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. మన దగ్గర ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం ఎక్కువైంది.

అయితే, స్కాన్‌లో ఎలా ఉన్నా పరవాలేదని కూడా అనకూడదు. అతుకు నిలిచినవారికీ నిలవనివారికీ నొప్పి విషయంలో తేడా తక్కువే గానీ బలంలో తేడా తెలుస్తుంది. మీ అమ్మగారి విషయంలో సరిగ్గా అదే జరిగింది. జడ వేసుకోవడానికి చేయి పైకి లేస్తే చాలు. నిండు బిందెను గట్టు మీదికి చేర్చాలంటే చేయి లేవడంతో పాటు బరువుతో అక్కడ నిలవాలి కూడా. మొదటిది తిరిగి వచ్చింది, రెండవది రాలేదు.

ఇలా మళ్లీ చీలడం చాలావరకు మొదటి మూడు నుంచి ఆరు నెలల లోపే జరుగుతుంది. కాబట్టి మొన్నటి ఎంఆర్ఐలో కనిపించింది మొన్న జరిగినది కాకపోవచ్చు, ఆ చీలికతోనే ఆమె ఏడాదిన్నరగా జడ వేసుకుంటూ ఉండవచ్చు. చీలిక ఎంత పెద్దది, వయసెంత, కండరం ఎంత మేరకు కొవ్వుగా మారింది అన్న మూడు విషయాలను బట్టి అతుకు నిలిచే అవకాశం ఉంటుంది. షుగరు అదుపులో లేకపోవడం, పొగతాగడం దానిని ఇంకా తగ్గిస్తాయి. కండరం కొవ్వుగా మారిన తీరును సున్నా నుంచి నాలుగు వరకు గూతాలియె దశలని లెక్కిస్తారు. పాత ఎంఆర్ఐ రిపోర్టు దాచి ఉంటే ఈ మాట అందులో ఉందేమో చూడండి. మూడు, నాలుగు దశలలో ఉంటే ఎంత నేర్పుగా కుట్టినా ఆ కండరం మునుపటి బలానికి రాదు. కుట్టినచోటే మళ్లీ కుట్టడం వల్ల లాభం ఇంకా తక్కువ.

మరి ఇప్పుడేం చేయాలి? నొప్పి లేదు కాబట్టి తొందర లేదు. భుజం పైభాగాన ఉండే డెల్టాయిడ్ కండరాన్నీ, రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలనూ బలపరిచే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మూడు నాలుగు నెలలు విడవకుండా చేయించండి. బిందెకు బదులు చిన్న చెంబులతో, ఛాతీ ఎత్తు దాటకుండా పని జరిగేలా గట్టును సర్దండి. నొప్పి తిరగబెట్టినా, నిన్నటిదాకా లేచిన చేయి పడిన తర్వాత ఒక్కసారిగా లేవకుండా పోయినా అప్పుడు తిరిగి సర్జన్‌ను కలవాలి. ఎప్పుడో ఏళ్ల తర్వాత కీలు కూడా అరిగిపోతే, ఫ్రాన్స్‌కు చెందిన పాల్ గ్రామోన్ 1985లో రూపొందించిన తిరగేసిన కీలు, అంటే రివర్స్ షోల్డర్ మార్పిడి అనే దారి ఉంది. అందులో కఫ్ లేకపోయినా డెల్టాయిడ్ ఒక్కటే చేతిని ఎత్తగలదు. ఆ మాట ఇప్పుడే ఆలోచించవలసిన అవసరం లేదు.

ఆసు సంగతి ఎత్తారు కాబట్టి ఒక మాట. ఒక్క చీరకు సరిపడా నూలు ఆసు పోయాలంటే చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలని లెక్క. ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మికి భుజాలు నొప్పి పెడుతుంటే చూడలేక ఆసు యంత్రం తయారుచేసిన సంగతి, దానికి 2017లో పద్మశ్రీ అందుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆపరేషన్ అయిన భుజంతో చేతి ఆసు మళ్లీ మొదలుపెట్టడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఇంట్లో ఇంకా చేతితోనే పోస్తుంటే ఆ పని మరొకరికి గానీ యంత్రానికి గానీ అప్పగించండి.

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర బత్తాయి తోట చూసుకుంటాను. వయసు 61. దెబ్బేమీ తగలలేదు, ఏడాదిగా ఎడమ భుజం నొప్పి. చిన్న చీలిక ఉందన్నారు. ఇప్పుడు కుట్టించుకోకపోతే పదేళ్లకు చేయి పూర్తిగా పడిపోతుందని ఒకరు, వ్యాయామం చాలని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు

జవాబు: చేయి పడిపోతుందన్నది భయపెట్టే మాట. వ్యాయామంతో అందరికీ సరిపోతుందన్నది కూడా అతిశయోక్తే.

ఫిన్లాండ్‌లో 55 ఏళ్లు దాటి, దెబ్బ తగలకుండా వచ్చిన చీలిక ఉన్న 180 భుజాలను మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు వ్యాయామం, ఒక జట్టుకు భుజం పైన ఒరుసుకునే ఎముకను గీయడంతో పాటు వ్యాయామం, మూడో జట్టుకు కుట్లు కూడా వేసి చూశారు. ఏడాదికీ, రెండేళ్లకూ, అయిదేళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నార్వేలో మూడు సెంటీమీటర్ల లోపు చీలికలున్న 103 మందిని తీసుకుని పదేళ్లు వెంబడించారు. మొదటి ఏళ్లలో తేడా కొద్దిగానే ఉండగా, పదో ఏడు వచ్చేసరికి వంద పాయింట్ల భుజం లెక్కలో కుట్లు వేయించుకున్నవారు 9.6 పాయింట్లు ముందున్నారు. వ్యాయామం జట్టులో కొందరికి చీలిక పెద్దదైంది, వారి ఫలితమే బాగా తగ్గింది. అమెరికాలో 452 మందికి మొదట వ్యాయామమే ఇచ్చి గమనించిన మరో పరిశోధనలో, పదేళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లినవారు నూటికి 27 మంది మాత్రమే, వారిలోనూ సగానికి పైగా మంది మొదటి ఆరు నెలల్లోనే వెళ్లారు. వ్యాయామం పనిచేస్తుందని నమ్మి మొదలుపెట్టినవారిలోనే అది ఎక్కువగా పనిచేసిందన్నది అందులో నాకు ముఖ్యంగా తోచిన సంగతి.

మీ వయసుకూ, చిన్న చీలికకూ నా సలహా ఇది: మూడు నెలలు క్రమం తప్పకుండా వ్యాయామం చేయండి. నొప్పి తగ్గి రాత్రి నిద్ర పడితే ఏడాదికోసారి అల్ట్రాసౌండ్‌తో చీలిక పెరిగిందా అని చూసుకుంటే సరిపోతుంది. తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చు; మూడు నెలలు ఆగినందువల్ల మీకు నష్టమేమీ ఉండదు.

అయితే ఇదే పత్రిక చదివే నలభై అయిదేళ్ల మనిషి బండి మీద నుంచి పడి, ఆ క్షణం నుంచి చేయి ఎత్తలేకపోతుంటే ఈ జవాబు ఆయనకు వర్తించదు. ఆరోగ్యంగా ఉన్న స్నాయువు దెబ్బకు తెగినప్పుడు కొద్ది వారాల్లోనే కుట్టించాలి. కట్టు కట్టించి, నూనె రాయించి ఆరు నెలలు గడిపి వచ్చేసరికి కండరం వెనక్కి ముడుచుకుపోయి, ఎముక దాకా లాగినా రాదు.

ప్రశ్న: స్నాయువు చీలలేదు, పైన ఎముక పెరిగి ఒరుసుకుంటోంది, కీహోల్‌లో గీస్తే సరిపోతుందన్నారు. చేయించుకోవచ్చా? – నారాయణపేట నుంచి ఒకరు

జవాబు: మీరు రాసినంతవరకే అయితే వద్దు. బ్రిటన్‌లోని 32 ఆస్పత్రులలో 313 మందికి, కొందరికి ఎముక గీసి, కొందరికి కెమెరాతో చూసి ఏమీ గీయకుండానే వదిలేసి, కొందరికి ఏ చికిత్సా ఇవ్వకుండా పోల్చారు. 2018లో వచ్చిన ఆ ఫలితాలలో గీసినవారికీ గీయనివారికీ తేడా లేదు. ఫిన్లాండ్ పరిశోధన కూడా ఇదే చెప్పింది. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం ఈ నొప్పికి ఈ ఆపరేషన్ చేయవద్దని గట్టిగానే సిఫారసు చేసింది. మన దగ్గర ఇంకా జరుగుతూనే ఉంది. రెండో అభిప్రాయం తీసుకోండి.

ప్రశ్న: నేను గీత కార్మికుణ్ణి, నకిరేకల్ దగ్గర. వయసు 27. నాలుగైదు సార్లు కుడి గూడ జారితే మూడేళ్ల కిందట కీహోల్‌లో బాంకార్ట్ ఆపరేషన్ చేశారు. ఇప్పటిదాకా మళ్లీ జారలేదు. చెట్టెక్కడం మానేశాను గానీ ఇల్లు గడవడం లేదు. మళ్లీ ఎక్కవచ్చా? మా తమ్ముడికి 19 ఏళ్లు, కబడ్డీ ఆడతాడు, వాడికీ రెండుసార్లు జారింది. వాడికి కూడా ఇదే ఆపరేషన్ చేయించాలా?

జవాబు: మీ ప్రశ్నలు రెండూ వేర్వేరు, జవాబులు కూడా.

ముందు మీ సంగతి. గూడ జారినప్పుడు, చేతి ఎముక తల ఇమిడే గుంట అంచున ఉండే మెత్తటి పెదవి వంటి భాగం చిరిగి ఊడిపోతుంది. బాంకార్ట్ మరమ్మతులో దానిని తిరిగి అంచుకు కుడతారు. ఈ ఆపరేషన్ అయ్యాక కనీసం పదేళ్లు గడిచినవారి మీద జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి 2019లో లెక్కగడితే, దాదాపు నూటికి 31 మందిలో ఏదో ఒక స్థాయిలో అస్థిరత తిరిగి వచ్చింది. పూర్తిగా జారినవారు మాత్రం నూటికి 16 మంది. మిగిలినవారికి జారబోతున్నట్టు అనిపించి, అంతలోనే సర్దుకుపోయేది. ఈ వైఫల్యాలన్నీ మొదటి ఏడాదిలోనే రావు, కొన్ని అయిదారేళ్లకు కూడా వస్తాయి. మూడేళ్లు నిలిచిందంటే మంచి గుర్తే, హామీ మాత్రం కాదు.

ఇప్పుడు మీ పని చూడండి. మోకు మీద వెనక్కి ఆనుకుని, ముస్తాదులో నుంచి కత్తి తీసి, కుడి చేతిని తలకంటే పైకి, పక్కకు చాచి గెల గీస్తారు. చేయి పక్కకు లేచి వెనక్కి తిరిగిన ఆ స్థితిలోనే గూడ ముందుకు జారుతుంది. నేల మీద జారితే నొప్పితో పోతుంది. తాటిచెట్టు మొవ్వు దగ్గర జారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నేను వెంటనే సరే అనలేను. ఎక్కే ముందు మూడు విషయాలు తేలాలి. ఆ స్థితిలో చేతిని పరీక్షగా తిప్పినప్పుడు జారుతుందేమోనన్న బెదురు ఉండకూడదు; ఎడమ చేతితో పోలిస్తే కుడి చేతి బలం పెద్దగా తగ్గి ఉండకూడదు; సీటీ స్కాన్‌లో గుంట అంచు ఎముక అరిగి ఉండకూడదు. ఈ మూడూ బాగుంటే, చెట్టు మీద నుంచి పడకుండా ఆపేందుకు 2024లో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షక కవచం కిట్టు కట్టుకుని, తక్కువ చెట్లతో మొదలుపెట్టి, కుడి చేతిని తలవెనక్కి చాచకుండా ఎడమ పక్కకు తిరిగి గీయడం అలవాటు చేసుకోగలరేమో చూడవచ్చు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా లొట్టి దించే పని ఇంకొకరికి వదిలి, కింద చేసే పనిలోనే ఉండండి.

తమ్ముడి విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఉంది. 2007లో ఫ్రాన్స్ వైద్యులు పది పాయింట్ల లెక్క ఒకటి తయారుచేశారు. ఇరవై ఏళ్లు, ఆలోపు వయసుకు 2, పోటీల స్థాయిలో ఆడితే 2, ఒరుసుకుని ఆడే ఆటైతే 1, కీళ్లు మరీ వదులైతే 1, ఎక్స్‌రేలో చేతి ఎముక తలపై గుంట పడి కనిపిస్తే 2, గూడ అంచు అరిగి కనిపిస్తే 2. మొత్తం 6 దాటినవారికి కీహోల్‌లో కుడితే నూటికి 70 మందిలో మళ్లీ జారింది. మీ తమ్ముడు పోటీలలో ఆడేవాడైతే ఎక్స్‌రే తీయకముందే 5 పాయింట్ల దగ్గర ఉన్నాడు. ఎముక కూడా దెబ్బతిని ఉంటే, పక్కనున్న ఎముక ముక్కను తెచ్చి గుంట అంచుకు బిగించే లాటర్జే ఆపరేషన్ మేలు. మీషెల్ లాటర్జే 1954లో చెప్పిన ఈ పద్ధతిలో సాధారణంగా కోసే చేస్తారు, కోత పెద్దది, ప్రమాదాలు కూడా కొంచెం ఎక్కువే. కానీ మళ్లీ జారడం తక్కువ. ఇలాంటి కుర్రాడి విషయంలో చిన్న కోత కోసం పట్టుబట్టడం తెలివైన పని కాదు. ఏ ఆపరేషన్ చేయించినా, పలుమార్లు జారిన గూడలో పదిహేను ఇరవై ఏళ్లకు కొంత అరుగుదల రావచ్చని కూడా మీ ఇద్దరూ తెలుసుకుని ఉండాలి.

ప్రశ్న: భుజంలో వేసిన మేకులు జీవితాంతం ఉంటాయా? తర్వాత ఎంఆర్ఐ తీయించుకోవచ్చా? – జడ్చర్ల

జవాబు: కొన్ని యాంకర్లు టైటానియంవి, కొన్ని ప్లాస్టిక్ వంటి పదార్థానివి, కొన్ని కొన్నేళ్లకు కరిగిపోయేవి. ఊడి కదిలితే తప్ప వాటిని తీయరు. టైటానియం యాంకర్లున్నా మామూలుగా ఎంఆర్ఐ తీయవచ్చు, ఆ చోట బొమ్మ కొంచెం మసకబారుతుంది, అంతే. డిశ్చార్జి కాగితాలపై యాంకరు స్టిక్కరు అంటించి ఇస్తారు. దానిని పారేయకుండా స్కానింగ్‌కు వెళ్లినప్పుడు చూపించండి.

ప్రశ్న: నేను వనపర్తిలో ఉపాధ్యాయురాలిని. పన్నెండేళ్లుగా షుగరు. ఎడమ భుజం బిగుసుకుపోయింది, బోర్డు మీద రాసే చేయి కాకపోయినా చీర కొంగు సర్దుకోలేకపోతున్నాను. కీహోల్‌లో విడిపిస్తామన్నారు. మళ్లీ బిగుసుకోకుండా ఉంటుందా?

జవాబు: షుగరు ఉన్నవారిలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ, తగ్గడం ఆలస్యం. బ్రిటన్‌లో 503 మందిపై జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో కీహోల్‌తో విడిపించడం, మత్తు ఇచ్చి చేయి తిప్పి వదులు చేయడం, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పాటు పద్ధతి ప్రకారం ఫిజియోథెరపీ అన్న మూడింటినీ పోల్చారు. ఏడాది గడిచేసరికి దేనినీ మిగతా వాటికంటే స్పష్టంగా మెరుగైనదని చెప్పలేకపోయారు. కీహోల్ తర్వాత ఇంకో చికిత్స అవసరమైనవారు తక్కువే గానీ, తీవ్రమైన ఇబ్బందులు వచ్చింది కూడా ఎక్కువగా ఆ జట్టులోనే. ఇంగ్లండ్‌లో 2009 నుంచి 2017 వరకు భుజానికి కీహోల్ ఆపరేషన్లు చేయించుకున్న 2,61,248 మంది వివరాలను పరిశీలించినప్పుడు, మొదటి తొంభై రోజుల్లో తీవ్రమైన ఇబ్బంది వచ్చింది నూటికి 1.2 మందికి, ఏడాదిలోగా మళ్లీ ఆపరేషన్ అవసరమైంది నూటికి 3.8 మందికి. బిగుసుకున్న భుజాన్ని విడిపించినవారిలో ఆ రెండో సంఖ్య 5.7, అంటే అన్నింటికంటే ఎక్కువ.

కాబట్టి మీరు ఇంజెక్షన్, ఫిజియోథెరపీలతో మొదలుపెట్టండి. ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులు షుగరు బాగా పెరుగుతుంది, ముందే మీ షుగరు డాక్టరుకు చెప్పి మందు సర్దించుకోండి. ఆరు నెలలైనా కొంగు చేతికి అందకపోతే అప్పుడు ఆపరేషన్. అది చేయించుకున్న మరునాటి నుంచే చేయి కదిలించడం మొదలుపెట్టాలి. బడికి సెలవు దొరకదని నాలుగు వారాలు వ్యాయామం వాయిదా వేసేలా ఉంటే చేయించుకోకపోవడమే నయం.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా బాపుకు 64 ఏళ్లు, ఫ్లోరోసిస్ ఉంది. రెండు చేతులూ పైకి లేవడం లేదు. భుజాలకు కీహోల్ ఆపరేషన్ చేస్తే లేస్తాయని ఒక ఏజెంటు చెప్పాడు. నమ్మవచ్చా?

జవాబు: ఏజెంటు మాట మీద ఆపరేషన్ బల్ల ఎక్కించకండి. బిగుసుకున్న భుజంలో పొర దళసరిగా మారుతుంది, దానిని కోసి విడిపిస్తే కదలిక వస్తుంది. ఫ్లోరోసిస్‌లో జరిగేది వేరు: కీలు చుట్టూ ఉన్న బంధకాలలో సున్నం పేరుకుంటుంది, అంచుల్లో ఎముక పెరుగుతుంది. పొర కోసినంత మాత్రాన అది వదలదు. పైగా రెండు చేతులూ ఒకేసారి లేవడం లేదంటే నేను మొదట చూసేది భుజాలను కాదు, మెడను. ఫ్లోరోసిస్‌లో మెడ వెన్నుపూసల లోపల ఎముక పెరిగి నరాల తాడును నొక్కవచ్చు. బాపు నడకలో తడబాటు ఉందా, గుండీలు పెట్టుకోలేకపోతున్నారా, చేతివేళ్లు మొద్దుబారుతున్నాయా, మూత్రం ఆపుకోలేకపోతున్నారా అని అడిగి చూడండి. వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా మెడ ఎంఆర్ఐ తీయించాలి. నరాల నిపుణులున్న హైదరాబాద్ నిమ్స్ వంటి చోటికి తీసుకెళ్లాలి.

ముంజేతికి ఒక మామూలు ఎక్స్‌రే తీయించండి. రెండు ఎముకల మధ్య ఉన్న పల్చని పొరలో సున్నం గీతలు కనిపిస్తే ఫ్లోరోసిస్ ఎముకల దాకా వెళ్లిందన్నమాట. అలాంటి భుజానికి నొప్పి తగ్గించే మందు, కాపడం, ఉన్న కదలికను నిలబెట్టే వ్యాయామం తప్ప పెద్ద ఆశ పెట్టడం న్యాయం కాదు. ఇంటికి భగీరథ నీరు వస్తున్నా, పొలం దగ్గర ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంటే అది ఆపించండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదని మన దేశపు ప్రమాణం.

ప్రశ్న: అచ్చంపేట దగ్గర ఊరు మాది. నెల కిందట హైదరాబాద్‌లో కఫ్ కుట్టించుకున్నాను. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి రమ్మన్నారు, అంత దూరం నా వల్ల కాదు. ఇంట్లో ఏం చేసుకోవచ్చు? ఎప్పటి నుంచి పనికి వెళ్లవచ్చు? – ఒక మేస్త్రీ

జవాబు: వారానికి మూడుసార్లు రానక్కరలేదు గానీ, మూడు నాలుగు వారాలకోసారైనా దగ్గరి పట్టణంలో ఫిజియోథెరపిస్టుకు చూపించి, తర్వాతి మెట్టు ఏమిటో నేర్చుకుని రావాలి. చీలిక పరిమాణాన్ని బట్టి మీ సర్జన్ ఈ గడువులను మార్చి ఉంటే ఆయన చెప్పినట్టే చేయండి.

సాధారణంగా మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు చేయి మెడకు తగిలించిన సంచీలోనే (స్లింగ్) ఉండాలి, నిద్రలో కూడా. ఈ కాలంలో మోచేయి, మణికట్టు, వేళ్లు రోజుకు అయిదారుసార్లు కదిలించండి. ముందుకు వంగి చేతిని వదులుగా వేలాడదీసి చిన్న సున్నాలు తిప్పడం అనుమతిస్తే చేయండి. ఆరు వారాల తర్వాత దూలానికో తలుపు కమ్మీకో చిన్న గిలక కట్టి, బాగున్న చేతితో తాడు లాగుతూ ఆపరేషన్ చేతిని మెల్లగా పైకి తీసుకెళ్లండి. లేపే బలం బాగున్న చేతిదే కావాలి, కుట్టిన చేతిది కాదు. పన్నెండు వారాలు దాటాకే రబ్బరు పట్టీతో బలం పెంచే వ్యాయామాలు. సిమెంటు తట్ట, బస్తా, తలపై బరువు ఆరు నెలలకు ముందు ముట్టవద్దు. నొప్పి రెండు నెలలకే తగ్గిపోతుంది కాబట్టి చాలామంది అక్కడే మోసపోతారు. నొప్పి తగ్గినంత మాత్రాన అతుకు గట్టిపడినట్టు కాదు. మేస్త్రీ పనిలో కొలతలు, తాపీ, ప్లాస్టరింగ్‌లో ఛాతీ ఎత్తు వరకు ఉండే పని నాలుగో నెలలో మొదలుపెట్టవచ్చు. తలపైన స్లాబు పని మాత్రం ఆ ఏడాదికి వేరొకరికి ఇవ్వండి.

బీడీ అలవాటు ఉంటే ఈ మూడు నెలలైనా మానండి. కుట్ల దగ్గర ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే, లేదా ఊపిరి ఆడక ఆయాసం, పిక్కలో వాపు వస్తే, దూరమని ఆగకుండా ఆ రోజే దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే చికిత్సకు అది వర్తిస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.